మార్తమ్మ వండిన పాఠం

కర్దనూర్ మార్తమ్మకు ముప్పై ఏళ్లుగా ఒక అలవాటు. ఇంట్లోకి మోదుగాకుల్లో చుట్టిన మాంసం వచ్చి, ఆ రోజు పెద్దమనిషి ఎవరో వస్తున్నారని తెలిస్తే చాలు, ఇంకేమీ అడగదు. కొంగు నడుముకు దోపి పొయ్యి రాజేస్తుంది. ఆమె భర్త అహరోను బతికున్న రోజుల్లో మిషన్ ఉపదేశి. పల్లెపల్లె తిరిగి ప్రార్థనలు నడిపించేవాడు. పాస్టరయ్యగారు వచ్చినా, మిషన్ ఆసుపత్రి డాక్టరమ్మ వచ్చినా కూర మార్తమ్మ ఇంటి నుంచే పోవాలి. ఫలానా వేళకు కావాలని ఎవరూ చెప్పేవారు కాదు. ఆకుల మూట గడపలో పెట్టి పోయేవారు. పన్నెండు కొట్టేసరికి గిన్నె మూతికి గుడ్డ కట్టి ఈమె పంపేది. అహరోను పోయి ఆరేళ్లయింది గానీ ఈ అలవాటు మాత్రం పోలేదు.

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం డిసెంబరు నెల. ఆ అలవాటే ఆమె కోడలి ఉద్యోగం మీదికి తెచ్చింది.

కోడలి పేరు సుకుమారి. పటాన్‌చెరు మిషన్ మిడిల్ స్కూల్లో రెండేళ్లుగా టీచరు. కానీ పర్మినెంట్ కాదు, సెలవు మీద వెళ్లినావిడ చోట్లో పని చేస్తోంది. ఆవిడ ఇక రానని రాసేసింది కాబట్టి ఆ చోటు ఇప్పుడు ఖాళీ. ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం విని, బాగుందని రాస్తే సుకుమారి అక్కడే పర్మినెంట్ అవుతుంది. బాగాలేదని రాస్తే మిషన్‌వాళ్లు నారాయణఖేడ్ వైపు ఏదో ఊరికి పంపిస్తారు. కొడుకు సుందర్‌రాజుది రామచంద్రాపురం కార్ఖానాలో షిఫ్టు పని. వాడు అక్కడికి పోలేడు. అంటే ఇల్లు రెండు ముక్కలు. మార్తమ్మకు నిద్ర పట్టనిది ఆ సంగతికే. పైకి మాత్రం, "దేవుడు సూస్తడు తియ్యి" అని చింతపండు గింజలు తీస్తూ కూర్చునేది.

ఇన్‌స్పెక్టరు సూర్యప్రకాశరావు గారిది గోదావరి వైపు. నశ్యం పీలుస్తాడు, మెత్తగా మాట్లాడతాడు, రాయాల్సింది గట్టిగా రాస్తాడని పేరు. ఏ పాఠం చెప్పాలో మూడు రోజుల ముందు ఆయనే చీటీ పంపుతాడు. సుకుమారికి వచ్చిన చీటీలో ఏడో తరగతి సామాన్యశాస్త్రం, "చలి సముద్రాల్లో పక్షులు ఎలా బతుకుతాయి" అని ఉంది. కింద ఇంకో ముక్క. పిల్లలకు తెలియనిదాన్ని తెలిసిన వస్తువుతో చూపించవలెను.

ఆ సాయంత్రం సుకుమారి చీటీ చేతిలో పట్టుకుని అరుగు మీద కూలబడింది.

"సముద్రం నేనే సూడలే అత్తమ్మా. మంచు ఏడ సూడాలె? ఆ పక్షులు ఎగరనే ఎగరయట. నీళ్లల్ల ఈత కొడ్తయట, రెక్కలతోని. నేనేం సూపియ్యాలె పిల్లలకు?"

"బొమ్మ గియ్యి."

"బొమ్మ గీస్తే పోయిన్నెల సంగారెడ్డిల ఒక సారుకు సున్న ఏసిండట."

"మరి గాయనకు తెలుసా, ఆ పక్షి సంగతి?"

"ఆయనకు తెలుసు గాబట్టే అడుగుతుండు."

మార్తమ్మ లేచి లోపలికి పోయింది. చదువు సంగతి తనకెందుకని. మూడో తరగతి దాకా చదివింది, బైబిలు చదువుతుంది, అంతే.

సుకుమారి రెండు రాత్రులు పుస్తకం ముందు కూర్చుని ఒక ఉపాయం పట్టింది. ఆ పక్షుల గొప్పతనమంతా కండలో ఉందని పుస్తకంలో ఉంది. గంటలకొద్దీ పనిచేసే కండ ముదురు ఎరుపుగా ఉంటుందట, అప్పుడప్పుడు మాత్రం పనిచేసే కండ తెల్లగా ఉంటుందట. కోడి రొమ్ము తెలుపు. చలికాలంలో ఎక్కడి నుంచో ఎగిరి వచ్చి మంజీరా నీళ్లలో వాలే బాతు రొమ్ము ఎరుపు. రెండూ పక్కపక్కన బల్ల మీద పెడితే పిల్లలకు అదే పాఠం. చెరువుల్లో వలలు వేసే ఐలన్నకు ఆమె బడి దగ్గరే చెప్పింది. బాతు దొరికితే ఒకటి, దాంతో ఒక కోడి, కోసి శుభ్రం చేసి పొద్దున పదిలోపు బడికి తెచ్చియ్యమని. బాతు దొరుకుతుందో లేదో అనుమానమే కాబట్టి ఇంట్లో చెప్పలేదు. తరగతిలో పచ్చిమాంసం పెడతానంటే అత్తమ్మ ఏమంటుందోనన్న సిగ్గు కూడా కొంచెం ఉంది.

ఇన్‌స్పెక్షన్ రోజు సుకుమారి తెల్లవారగానే బడికి వెళ్లింది, బోర్డు మీద పటం గీసుకోవాలని. ఆమె పోయిన అరగంటకు ఐలన్న వచ్చాడు. బడికి పోయే దారిలో ముందు ఈ ఇల్లే తగులుతుంది.

"పెద్దమ్మా, ఇగో. బాతొకటి, కోడొకటి. టీచరమ్మ తెమ్మన్నది."

"ఏందిరా, రెండు రకాలు?"

"నాకేమెరుక. ఇన్‌స్పెక్టర్ సారు వస్తుండట గద, ఆయన కోసమట. బాతు కోసం మోకాళ్లలోతు నీళ్లల్ల నిల్చున్న, కాళ్లు కొయ్యలైనయి."

"చాయ తాగిపో మరి."

"వద్దు, కండ్లు మూతలు వడ్తున్నయి. పోయి పంట." వాడు వెళ్లిపోయాడు.

మార్తమ్మ ఆకులు విప్పి చూసింది. మంచి మాంసం. ఆమె మనసు నిమ్మళమైంది. పిల్లకు తెలివి వచ్చింది, పెద్దమనిషికి ఏం పెట్టాలో తెలుసుకుంది, అత్తకు చెప్పకపోయినా అత్త చేస్తుందని నమ్మింది అనుకుంది. ఆ నమ్మకమే ఆమెకు ముద్దుగా అనిపించింది. ఉల్లిగడ్డ కోసి, అల్లం నూరి, రెండు మాంసాలూ ఒకే గిన్నెలో వేసింది. నూనె చుక్క కూడా పొయ్యలేదు. బాతు తన నూనె తానే ఇస్తుంది. గంటన్నర ఉడికించి, మూతికి గుడ్డ కట్టి, గిన్నె చంకన పెట్టుకుని బయల్దేరింది.

దారిలో కంకర లారీ ఆగింది. కొత్త కార్ఖానా కట్టేచోటికి పోయే లారీ. డ్రైవరు సర్దార్జీ. "మాజీ, బైఠో బైఠో" అని పక్క సీటు చూపించాడు. ఎక్కిన కాసేపటికి గిన్నె వైపు చూసి గట్టిగా వాసన పీల్చాడు. "క్యా హై మాజీ?"

"దొరకు" అంది మార్తమ్మ. వాడికి అర్థం కాలేదు గానీ నవ్వాడు.

పదింపావుకు బడి దగ్గర దిగేసరికి సుకుమారి గేటు బయటే నిలబడి ఉంది. కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి. అత్తగారిని చూసి ఆశ్చర్యపోయింది.

"నువ్వెట్లొచ్చినవు అత్తమ్మా? ఐలన్న ఏడ?"

"ఇంటికొచ్చి ఇచ్చిపాయె. ఇగో, వేడిగ ఉంది. పదకొండింటికి గద సారు వచ్చేది, అందేటట్టే తెచ్చిన."

సుకుమారి గిన్నె వైపు చూసింది. గుడ్డ పక్క నుంచి పొగ వస్తోంది. ఆమె మొహంలో రంగు పోయింది.

"వండినవా?"

"వండక? పచ్చిది పెడ్తమా సారుకు?"

సుకుమారి గేటు పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని మార్తమ్మకు తర్వాత అనిపించింది. మెల్లగా, ఒక్కొక్క మాట కూడదీసుకుని చెప్పింది. ఆ మాంసం పాఠం కోసమని, తినడానికి కాదని, పిల్లలకు రంగు చూపించాలని, సూర్యప్రకాశరావు గారు మాంసమే ముట్టరని.

మార్తమ్మ గిన్నె నేల మీద పెట్టింది. నారాయణఖేడ్ ఎంత దూరమో ఆమెకు సరిగ్గా తెలియదు, కానీ ఆ క్షణంలో దాని దారంతా కళ్ల ముందు కనిపించింది.

లోపలి నుంచి హెడ్మాస్టరు కృపానందం గబగబా వచ్చాడు. మంచివాడే, కానీ కంగారు మనిషి.

"జీపు సంగారెడ్డి నుంచి బయలెల్లిందట. టీచర్, నీ సామానేది? మార్తమ్మక్కా, నువ్వేంది గిక్కడ, ఈ వాసనేంది?"

సుకుమారి చెప్పింది. కృపానందం నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆయన బ్రాహ్మలు. పచ్చిమాంసం పెడ్తనంటేనే నేను జెర భయపడ్డ. ఇప్పుడు కూర పెడ్తవా బల్ల మీద?"

"నా తప్పు సారూ" అంది మార్తమ్మ. "పిల్లది ఏం చెయ్యలే."

మార్తమ్మ గిన్నె వైపు చూస్తూ ఉంది. ముప్పై ఏళ్లు వండిన చేతులు. ఏ ముక్క ఏదో కళ్లు మూసుకుని చెప్పగలదు. నెమ్మదిగా అడిగింది.

"బిడ్డా, నీకు కావాల్సింది రంగే గద?"

"రంగే."

"పైన కారం పసుపు పట్టుకుంటయి గాని, లోపటి రంగు ఎటువోతది? కోడి రొమ్ము ఉడికినంక ఇంకా తెల్లగైతది. బాతుది ఇంకా నల్లగైతది. నేను ఎన్నిసార్లు సూడలే?"

సుకుమారి ఒక్క క్షణం ఆమెను చూసి, వంగి గిన్నె ఎత్తుకుంది.

ఇద్దరూ బావి దగ్గర కూర్చున్నారు. మార్తమ్మ ముక్కలు ఏరింది. వేడికి వేళ్లు కాలుతున్నా ఆపలేదు. కోడి రొమ్ము ఒక పక్క, బాతు రొమ్ము ఇంకో పక్క. నీళ్లతో మసాలా కడిగి ఒక్కొక్కటి మధ్యకు చీల్చింది. కోడి రొమ్ము పోగులు తెల్లగా, దూది ఒత్తుల్లా విడిపోయాయి. బాతు రొమ్ము గట్టిగా, పండిన నేరేడు రంగులో ఉంది. రెండూ సత్తుపళ్లెంలో పెట్టి సుకుమారి తరగతిలోకి తీసుకుపోయింది. వాసన పోలేదు. కృపానందం కిటికీలన్నీ తెరిపించాడు.

జీపు వచ్చింది. సూర్యప్రకాశరావు గారు లోపలికి రాగానే గుమ్మంలో ఆగాడు. జేబు రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమండీ హెడ్మాస్టరు గారూ, ఇది తరగతి గదా, పెళ్లివారి వంటసాలా?"

కృపానందం సుకుమారి వైపు చూశాడు. సుకుమారే చెప్పింది.

"పాఠం కోసమండీ. కోడి కండ, బాతు కండ."

"వండిన పాఠమన్నమాట. కానివ్వండి, వింటాను." ఆయన వెనక బెంచీలో కూర్చున్నాడు. రుమాలు తియ్యలేదు. మార్తమ్మ వరండాలో కిటికీ పక్కన, గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. ఇంటికి పోదామంటే మనసొప్పలేదు.

సుకుమారి మొదలుపెట్టింది. పిల్లలకు రెండు ముక్కలూ చూపించింది.

"ఇది కోడి రొమ్ము. కోడి ఎంత దూరం ఎగురుతది?"

"గోడ దాకా టీచర్" అన్నారు పిల్లలు. "కుక్క తరిమితే కప్పు మీదికి."

"అంతే. ఎప్పుడో ఒకసారి, జెరసేపు. అందుకే ఈ కండ తెలుపు. ఇది బాతు రొమ్ము. చలికాలం రాంగనే ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి మన మంజీరల వాల్తది. రోజులకు రోజులు రెక్క ఆడుతనే ఉంటది. అందుకే ఈ కండ ముదురు ఎరుపు, ఉడికినంక నల్లగైంది. దీంట్ల ఒక ఎర్రటి పదార్థం ఉంటది. మనం పీల్చిన ప్రాణవాయువును అది కండల పట్టి దాచిపెడ్తది. కండ ఎంత పనిచేస్తే అంత ఎరుపు."

వెనక బెంచీ నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఒక్క నిమిషమండీ. వండేశారు కదా. ఈ నలుపు కండదని ఎలా నమ్మమంటారు? మసాలాది కావచ్చు. ఒకదానికి కారం ఎక్కువ పట్టి ఉండొచ్చు. ఒకటి ఎక్కువ ఉడికి ఉండొచ్చు."

సుకుమారి ఆగిపోయింది. పుస్తకంలో దీనికి జవాబు లేదు. కృపానందం కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

వరండాలోంచి మార్తమ్మ లేచింది. లోపలికి రాలేదు, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

"సారూ, నేను వండిన. చెప్పొచ్చా?"

ఆయన తల తిప్పాడు. "ఎవరండీ మీరు?"

"టీచరు అత్తను. రెండు ఒకటే గిన్నెల వేసిన సారూ. ఒకటే కారం, ఒకటే పసుపు, ఒకటే పొయ్యి. ఒక్కసారి వేసిన, ఒక్కసారి దించిన. మసాలా రంగే అయితే రెండు ఒక్కతీరు ఉండాలె గద. ఒకటి తెల్లగెందుకుంటది?"

సూర్యప్రకాశరావు గారు రుమాలు దించాడు. లేచి బల్ల దగ్గరికి వచ్చాడు. ముట్టుకోలేదు, చేతులు వెనక కట్టుకుని వంగి చూశాడు.

"ఒకే గిన్నె అంటారు."

"ఒకటే గిన్నె సారూ. వేరేవేరే వండుదునా, ఇద్దరు దొరలొస్తలేరు గద."

పిల్లలు నవ్వారు. ఆయన మీసం కదిలింది.

"పిల్లలూ, ఆవిడ చెప్పింది విన్నారా? అన్నీ ఒకేలా ఉంచి, ఒక్కటే వేరుగా ఉంచడం. దాన్నే పరీక్ష అంటారు. కాలేజీలో కూడా అందరికీ చేతకాదు." సుకుమారి వైపు తిరిగాడు. "సరే, చలి సముద్రంలోకి వెళదాం. మీ బాతు ఎగురుతోంది. ఆ పక్షి ఎగరదు కదా. దాని రొమ్ము తెల్లగా ఉండాలిగా?"

ఈసారి ముత్యమ్మ చెయ్యెత్తింది. ఇంద్రేశం నుంచి నడిచివచ్చే పిల్ల, పొలం పనులు చేసుకునేవాళ్ల బిడ్డ. "అది రెక్కతోని ఈత కొడ్తది సార్, టీచర్ నిన్న చెప్పింది. నీళ్లల్ల రెక్క ఆడియ్యాలంటే గాలిల కన్న కష్టం. ఇంకా నల్లగుంటది."

"నీకెలా తెలుసు కష్టమని?"

"వరినారు పీకెటప్పుడు నీళ్లల్ల నడుస్త సార్."

సుకుమారి అందుకుంది. భయం పోయింది, మాట పరుగెత్తింది. ఆ పక్షి ఊపిరి బిగబట్టి లోతుకు మునుగుతుందని, లోపల గాలి దొరకదు కాబట్టి కండలో దాచుకున్నదే వాడుకుంటుందని చెప్పింది. పని చేసే కండ వేడి పుట్టిస్తుందని, ఆ వేడే చలిని ఆపుతుందని, మనకు చలికి వణుకు వచ్చేది కూడా కండ వేడి పుట్టించుకోవడానికే అని చెప్పింది.

"అందుకే చలికి పళ్లు కొట్టుకుంటయి?" అని ఒక పిల్ల అడిగింది.

"అందుకే. పొయ్యికి కట్టెలున్నట్టు ఆ కండకు కొవ్వు. చేపలు తిని, వాటి నూనెను కండల కాల్చుకుంటది. తోలు కింద ఇంకింత కొవ్వు దుప్పటి లెక్క కప్పుకుంటది." అని ఆమె కిటికీ వైపు చూసింది. "అత్తమ్మా, పైన తేలిన నూనె ఉందా?"

మార్తమ్మ వెంట తెచ్చిన గరిటెతో గిన్నె మీద తేలిన పసుపుపచ్చని నూనె మెల్లగా తీసి, బడి నీళ్లకుండ మీది మూకుడులో పోసింది. బడి మెట్ల దగ్గరి పత్తిచెట్టు కాయ నుంచి సుకుమారి ఒత్తి చేసి ముంచి వెలిగించింది. మొదట చిటచిటలాడింది, నీటిచుక్కలు పేలాయి. తర్వాత కుదురుగా మండింది. డిసెంబరు చలి, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ చిన్న మంట మీద అరచేతులు పెట్టి చూశారు.

"ఇందులో మీరు పోసిన నూనె ఎంతండీ?" అని ఆయన అడిగాడు, ఈసారి సూటిగా మార్తమ్మనే.

"చుక్క పొయ్యలే సారూ. అంత పక్షులదే."

ఆయన కూడా చెయ్యి చాపాడు, మంటకు అంగుళం పైన. కాసేపు అలాగే ఉంచాడు. కాకినాడ రేవులో చిన్నప్పుడు సముద్రంలో దూకి గంట కూడా ఉండలేక గట్టెక్కి వణికేవాడినని, అది వెచ్చటి సముద్రమే అయినా అని, పిల్లలతో చెప్పాడు. తరగతిలో సముద్రం చూసిన మనిషి ఆయనొక్కడే. పిల్లలు అరగంట ఆయన్ని వదల్లేదు. అలలు ఎంత ఎత్తు, నీళ్లు నిజంగా ఉప్పా, పడవ ఎందుకు మునగదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సంగతి ఆయనే మరిచిపోయినట్టున్నాడు.

చివరికి హెడ్మాస్టరు గదిలో కూర్చుని పుస్తకంలో రాశాడు. కృపానందం పక్కన నిలబడి తలకిందులుగా చదవడానికి ప్రయత్నించాడు. జీపు కదిలాక పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చాడు.

"చదువు సారూ" అంది మార్తమ్మ.

"'పాఠం జీవముతో నున్నది. ఉపాధ్యాయిని ఈ పాఠశాలలోనే స్థిరపరచుటకు సిఫారసు చేయుచున్నాను.' కింద ఇంకో లైనుంది అక్కా. 'తరగతి గదిలో వంటకములు తెచ్చుట మాత్రము అలవాటు కారాదు.'"

"గదీ నిజమే" అంది మార్తమ్మ.

సుకుమారి మెట్టు మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది, కొంచెమే. మిగిలిన కూర టీచర్లు జొన్నరొట్టెలతో తిన్నారు. కృపానందం రెండుసార్లు వడ్డించుకున్నాడు. పళ్లెంలో ముక్క వేసుకున్న ప్రతివాడూ ముందు దాన్ని చీల్చి రంగు చూసి, తర్వాత నోట్లో పెట్టుకున్నాడు.

సాయంత్రం అత్తాకోడళ్లు కర్దనూర్ దారి పట్టారు. ఖాళీ గిన్నె సుకుమారి చంకలో ఉంది. అటూ ఇటూ కందిచేలు పూతకొచ్చి పచ్చగా ఉన్నాయి.

"ఇగనుంచి మాంసమొస్తే నన్నడిగి వండు అత్తమ్మా."

"నువ్వు చెప్పి తెప్పియ్యి. సిగ్గువడుడేంది అత్త దగ్గర? తరగతిల పచ్చిమాంసం పెడ్తనంటే నేనేమంటుంటి?"

"ఏమంటుంటివి?"

మార్తమ్మ ఆలోచించింది. "తిడుతుంటి" అని ఒప్పుకుంది. ఇద్దరూ నవ్వారు.

ఇంకొంచెం నడిచాక మార్తమ్మే అడిగింది. పాఠం విన్నప్పటి నుంచి ఆమె మనసులో అదే తిరుగుతోంది.

"మరి ఆ పక్షి గుడ్డు పెట్టినంక? ఈత కొడ్తేనే గద కండకు పని, కండకు పనైతేనే గద వేడి. గుడ్డు మీద కదలకుంట కూసుంటే ఆ మంచుల ఎట్ల ఓర్సుకుంటది?"

సుకుమారి నడక ఆపి అత్తగారి మొహంలోకి చూసింది. ఈ ప్రశ్న ఆయన అడిగి ఉంటే తాను నిలబడిపోయేదే.

"పుస్తకంల అంత లేదు అత్తమ్మా. సంగారెడ్డి లైబ్రరీల సూసి చెప్త. దినాలు పడ్తయేమో."

"పడనీ బిడ్డా" అంది మార్తమ్మ, కోడలి చంకలోంచి గిన్నె తీసుకుంటూ. "తొందరేమున్నది. ఇంట్లనే ఉంటవు గద."